లింఫోమా ఐహెచ్‌సీ చదవడం: రంగు పట్టింది ఏ కణానికి?

హలో అండి, అందరికీ నమస్తే. ఈ వీడియోలో లింఫోమాలో, అంటే లింఫోసైట్ల క్యాన్సర్‌లో, ఐహెచ్‌సీ స్లైడ్స్, అదే యాంటీబాడీలతో ప్రోటీన్లకి రంగు పట్టించే ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ, ఎలా చదవాలో చూద్దాం. పాథాలజీ పీజీలో కొత్తగా చేరినవాళ్లకీ ల్యాబ్‌లో స్టెయినింగ్ చేసే టెక్నీషియన్లకీ ఇద్దరికీ పనికొస్తుంది. మార్కర్ల, అంటే కణాన్ని గుర్తుపట్టించే ప్రోటీన్ల, టేబుల్ బట్టీ పట్టి వచ్చేవాళ్లు చాలామందే ఉంటారు, సీడీ5 ప్లస్ సీడీ23 ప్లస్ అంటే సీఎల్ఎల్, అదే క్రానిక్ లింఫోసైటిక్ లుకేమియా, అని టకటకా చెప్పేస్తారు, తీరా మైక్రోస్కోప్ ముందు కూర్చోబెడితే అక్కడ సీడీ5 పట్టినవి మామూలు టీ సెల్సే అని గుర్తుపట్టలేరు. అందుకని వీడియో అంతా ఒకటే ప్రశ్న పట్టుకుందాం, రంగు పట్టింది ఏ కణానికి?

స్టెయిన్ సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తా. ఫార్మలిన్‌లో పెట్టిన టిష్యూలో ప్రోటీన్లు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటాయి, అందుకే సిట్రేట్ బఫర్ పీహెచ్ 6 లోనో ట్రిస్ ఈడీటీఏ పీహెచ్ 9 లోనో వేడి చేసి యాంటిజెన్‌ని బయటపడేలా చేస్తాం, తర్వాత ప్రైమరీ యాంటీబాడీ, దాని మీద హెచ్ఆర్‌పీ ఎంజైమ్ తగిలించిన రెండోది, చివర్లో డీఏబీ పోస్తే యాంటీబాడీ అతుక్కున్నచోట గోధుమ రంగు వస్తుంది, మిగతాదంతా హెమటాక్సిలిన్ నీలం. ఇక్కడ టెక్నీషియన్లకి ఒక రిక్వెస్ట్, లింఫ్ నోడ్ రాగానే కోసి పల్చటి ముక్కలు చేసి ఫార్మలిన్‌లో వేయించండి. పైన క్యాప్సూల్ ఉంటుంది కదా, నోడ్‌ని అలాగే మొత్తంగా పడేస్తే మధ్యలోకి ఫార్మలిన్ సరిగా దిగదు, అంచుల్లో స్టెయిన్ బాగుండి మధ్యలో వెలవెలబోతుంది, అది చూసి నెగెటివ్ అని రాసేస్తే అంతే సంగతులు.

సరే, ముందు హెచ్ అండ్ ఈ, అంటే హెమటాక్సిలిన్, ఇయోసిన్‌తో వేసే మామూలు స్టెయిన్. ఇది చూడకుండా మార్కర్ల ప్యానెల్ ఆర్డర్ చేయడం నాకస్సలు నచ్చదు, డబ్బు దండగ, టిష్యూ కూడా దండగ, కోర్ బయాప్సీ అయితే ఇరవై మార్కర్లకి కోసేసరికి బ్లాక్‌లో ఏమీ మిగలదు. కణాలు చిన్నవా పెద్దవా, ఫాలికిల్స్, అంటే బీ సెల్స్ గుండ్రటి గుంపులు, కనిపిస్తున్నాయా లేక అంతా ఒకే పరుపులా పరుచుకుందా, అక్కడక్కడా పెద్ద కణాలు ఉండి చుట్టూ ఇసినోఫిల్స్, ప్లాస్మా సెల్స్, చిన్న లింఫోసైట్లు మూగాయా, ఈ మూడింటికి జవాబు వస్తే ఏ మార్కర్లు కావాలో సగం తేలిపోతుంది.

ఇప్పుడు స్క్రీన్ మీద స్లైడ్ చూడండి, చిన్న కణాలు, నోడ్ అంతా నిండిపోయింది. బీ సెల్ మార్కర్ సీడీ20, టీ సెల్ మార్కర్ సీడీ3 పక్కపక్కన పెట్టాను. సీడీ20 దాదాపు అన్నిటికీ మెంబ్రేన్ మీద రింగులా పట్టింది, సీడీ3 అక్కడక్కడా చిన్న కణాలకే, అంటే ఇది బీ సెల్ వ్యవహారం. ఇప్పుడు సీడీ5 చూడండి. సీడీ5 టీ సెల్స్‌కి మామూలుగానే ఉంటుంది కాబట్టి దాన్ని ఒంటరిగా చూస్తే ఏమీ తెలీదు, పక్కనే సీడీ3 పెట్టుకుని పోల్చాలి. సీడీ3 లో ఇంత తక్కువ కణాలు ఉంటే సీడీ5 లో ఇన్ని ఎక్కడినుంచి వచ్చాయి? ఆ ఎక్కువ వచ్చినవే సీడీ5 పట్టిన బీ సెల్స్, రంగు కూడా టీ సెల్స్ కన్నా కాస్త లేతగా ఉంటుంది చూడండి. ఈ పోలిక అలవాటైతే చిన్న కణాల లింఫోమాలో సగం భయం పోతుంది.

సీడీ5 ఉన్న బీ సెల్ అంటే ప్రధానంగా రెండు దారులు, సీఎల్ఎల్ ఎస్ఎల్ఎల్ (అదే జబ్బు నోడ్‌లో ఉంటే ఎస్ఎల్ఎల్), లేదా మాంటిల్ సెల్ లింఫోమా. సైక్లిన్ డీ1 న్యూక్లియస్‌లో పట్టిందంటే మాంటిల్ సెల్ వైపు, దీనికి వెనకాల ఉండేది 11, 14 క్రోమోజోముల ట్రాన్స్‌లొకేషన్, అంటే వాటి ముక్కలు అటూ ఇటూ మారడం. రక్తనాళాల ఎండోథీలియల్ కణాలకి సైక్లిన్ డీ1 మామూలుగానే పడుతుంది, కాబట్టి ముందు వాటిని వెతకండి, వాటికి కూడా పట్టకపోతే స్టెయినే ఫెయిలైంది, రిజల్ట్ రాయకండి. కొద్ది మాంటిల్ సెల్ కేసుల్లో సైక్లిన్ డీ1 రాదు, అనుమానం గట్టిగా ఉంటే సాక్స్11 అడగండి. సీఎల్ఎల్ వైపైతే సీడీ20 లేతగా, సీడీ23 పాజిటివ్, లెఫ్1 పాజిటివ్. కానీ లెఫ్1 కూడా మామూలు టీ సెల్స్‌కి ఉంటుందండోయ్, మళ్ళీ అదే ప్రశ్న, ఏ కణానికి? సీడీ5 లేదు సీడీ10 లేదు అంటే మార్జినల్ జోన్ గురించి ఆలోచిస్తాం, దానికంటూ నమ్మకంగా చెప్పే సొంత మార్కర్ లేదు, మిగతావన్నీ కాదనుకుంటూ వెళ్ళాల్సిందే.

ఇక అందరూ తడబడేది బీసీఎల్2 దగ్గర. ఫాలికిల్స్ ఉన్నాయి, రియాక్టివా, అంటే ఇన్ఫెక్షన్ లాంటివాటికి మామూలుగా పెరిగినవా, ఫాలిక్యులర్ లింఫోమానా? రియాక్టివ్ జెర్మినల్ సెంటర్‌లో, అంటే ఫాలికిల్ మధ్య భాగంలో, బీ సెల్స్‌కి బీసీఎల్2 ఉండదు, ఫాలిక్యులర్ లింఫోమాలో 14, 18 ట్రాన్స్‌లొకేషన్ వల్ల ఎక్కువ కేసుల్లో ఉంటుంది. వినడానికి సింపుల్, కానీ బీసీఎల్2 టీ సెల్స్‌కి ఉంటుంది, జెర్మినల్ సెంటర్ చుట్టూ ఉండే మాంటిల్ జోన్ బీ సెల్స్‌కి ఉంటుంది, జెర్మినల్ సెంటర్ లోపల కూడా టీ సెల్స్ చెల్లాచెదురుగా ఉంటాయి, వాటిని చూసి పాజిటివ్ అనేస్తే బాగున్న మనిషికి లింఫోమా అంటగట్టినట్టే. కాబట్టి ఒకే ఫాలికిల్‌ని పట్టుకుని సీడీ3, సీడీ10, బీసీఎల్6, బీసీఎల్2 నాలుగింట్లో చూడండి. జెర్మినల్ సెంటర్ మార్కర్లైన సీడీ10, బీసీఎల్6 పట్టిన కణాలకే బీసీఎల్2 కూడా పట్టిందా? అయితే లెక్కలోకి వస్తుంది. బీసీఎల్2 నెగెటివ్ వచ్చినంత మాత్రాన ఫాలిక్యులర్ లింఫోమా కాదని కొట్టేయకండి, అలాంటి కేసులూ ఉన్నాయి. ఇంకోటి, ఈ మార్కర్ రియాక్టివ్‌కీ లింఫోమాకీ తేడా చెప్పడానికే, ఏ లింఫోమా అని చెప్పడానికి కాదు, చిన్న కణాల బీ సెల్ లింఫోమాలు చాలావరకు బీసీఎల్2 పాజిటివే.

పెద్ద కణాలకి వద్దాం. పెద్ద బీ సెల్స్ పరుచుకుని ఉంటే డీఎల్‌బీసీఎల్, అదే డిఫ్యూజ్ లార్జ్ బీ సెల్ లింఫోమా, దాన్ని విడగొట్టడానికి 2004 లో వచ్చిన హాన్స్ ఆల్గరిథమ్ వాడతాం, కటాఫ్ 30 శాతం కణాలు. సీడీ10 పాజిటివ్ అయితే జెర్మినల్ సెంటర్ టైప్, అక్కడితో ఆగొచ్చు. సీడీ10 లేకపోతే బీసీఎల్6 చూడాలి, అదీ లేకపోతే నాన్ జెర్మినల్ సెంటర్, అది ఉంటే మమ్1 తేలుస్తుంది, మమ్1 ఉంటే నాన్ జెర్మినల్ సెంటర్, లేకపోతే జెర్మినల్ సెంటర్. మిక్ 40 శాతం, బీసీఎల్2 50 శాతం దాటితే డబుల్ ఎక్స్‌ప్రెసర్ అంటాం, దీన్ని డబుల్ హిట్‌తో కలపకండి, డబుల్ హిట్ అంటే జీన్ రీఅరేంజ్‌మెంట్, అది క్రోమోజోముల మీద జీన్లని చూసే ఫిష్ టెస్ట్ చేస్తేనే తెలుస్తుంది, గోధుమ రంగు ఎంత ముదురుగా ఉన్నా చెప్పదు. బర్కిట్ లింఫోమా అయితే మీడియం సైజు కణాలు, మధ్యలో మాక్రోఫేజ్‌లు చుక్కల్లా మెరుస్తూ, సీడీ10 పాజిటివ్, బీసీఎల్6 పాజిటివ్, బీసీఎల్2 సాధారణంగా నెగెటివ్, విభజన చెందే కణాలని చూపే కేఐ-67 దాదాపు 100 శాతం.

హాడ్జ్‌కిన్ లింఫోమాలో అసలు క్యాన్సర్ కణాలే తక్కువ, ఫీల్డ్‌లో కొన్నే ఉంటాయి, మిగతా జనాభా అంతా వచ్చిపోయేవాళ్లే. ఆ క్యాన్సర్ కణమైన రీడ్ స్టెర్న్‌బర్గ్ కణానికి సీడీ30 మెంబ్రేన్ మీద రింగు, న్యూక్లియస్ పక్కన ఒక చుక్క. సీడీ15 చాలా కేసుల్లో వస్తుంది, అన్నిట్లో కాదు. బీ సెల్ మార్కర్ పాక్స్5 న్యూక్లియస్‌లో లేతగా, పక్కనున్న చిన్న బీ సెల్స్ ముదురుగా ఉంటే ఇది వెలిసినట్టు ఉంటుంది, ఆ తేడానే మనకి కావాలి. తెల్ల రక్తకణాలకి మామూలుగా ఉండే సీడీ45 నెగెటివ్ ఉండాలి, కానీ దాని చుట్టూ లింఫోసైట్లు ఆనుకుని ఉంటాయి కదా, వాటి మెంబ్రేన్ రంగు దీనిదే అనిపిస్తుంది, పెద్ద పవర్‌లో ఫోకస్ పైకీ కిందకీ కదిపి, పక్క కణం తగలని వైపు అంచు చూడండి. సీడీ20, సీడీ45 బలంగా ఉండి సీడీ30, సీడీ15 లేకపోతే నాడ్యులర్ లింఫోసైట్ ప్రిడామినెంట్ రకం, 2022 ఐసీసీ, అదే ఇంటర్నేషనల్ కన్సెన్సస్ క్లాసిఫికేషన్, దీన్ని హాడ్జ్‌కిన్ పేరులోంచి తీసేసి బీ సెల్ లింఫోమా అంది.

టీ సెల్ లింఫోమాలు ఒక్క వీడియోలో అయ్యేవి కావు, ఒక్కటి చెప్పి వదిలేస్తా. పెద్ద కణాలన్నిటికీ సీడీ30 ఏకధాటిగా గట్టిగా పట్టి, పాక్స్5 నెగెటివ్ అయితే అనాప్లాస్టిక్ లార్జ్ సెల్ గుర్తుకు రావాలి, ఆల్క్ మార్కర్ వేయండి, సీడీ3 లేదు కదా టీ సెల్ కాదు అనుకోవద్దు, ఇందులో సీడీ3 పోవడం మామూలే.

చివరగా, రిలాప్స్ బయాప్సీ, అంటే జబ్బు తిరగబెట్టినప్పుడు తీసే ముక్క. పేషెంట్ సీడీ20 మీద పనిచేసే రిటుక్సిమాబ్ మందు తీసుకుని ఉంటే సీడీ20 నెగెటివ్ రావొచ్చు, కణాలు బీ సెల్సే, టార్గెట్ మాత్రమే పోయింది, అక్కడ పాక్స్5, సీడీ79ఏ వేయాలి. రిక్వెస్ట్ ఫారంలో ఆ మందు సంగతి చాలాసార్లు రాయరు, కాబట్టి సీడీ20, సీడీ3 రెండూ లేని లింఫోమాలాంటిది కనిపిస్తే ఇంకో పది మార్కర్లు వేసేముందు వార్డుకి ఒక ఫోన్ కొట్టి కనుక్కోండి.