తనామీ దారిలో మొదటి కంకర ఎక్కడ దించాలి?

అందరికీ నమస్కారం.

మధ్య ఆస్ట్రేలియాలోని ఆలిస్ స్ప్రింగ్స్ ఊరి నుంచి స్టువర్ట్ హైవే మీద ఉత్తరంగా 20 కిలోమీటర్లు పోతే ఎడమచేతి వైపు ఒక దారి చీలుతుంది. అదే తనామీ రోడ్డు. అక్కణ్ణుంచి వాయవ్యంగా, ఎడారి మధ్యలోంచి వెయ్యి కిలోమీటర్లకు పైగా సాగి పశ్చిమ ఆస్ట్రేలియాలో హాల్స్ క్రీక్ దగ్గర మళ్ళీ పెద్ద రోడ్డెక్కుతుంది. హైదరాబాదులో బయలుదేరి విశాఖ వెళ్ళి, తిరిగి విజయవాడ దాకా వచ్చినంత దూరం. ఇంత దారిలో పెట్రోలు దొరికే చోట్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. రాబిట్ ఫ్లాట్‌లో ఉన్న బంకు కూడా 2010లో మూతపడింది.

దక్షిణం వైపు కొంత మేర తారు ఉంది. మిగతాది ముక్కలు ముక్కలుగా వేస్తూ వస్తున్నారు. తారు లేని చోట రోడ్డంతా రేకుల కప్పులా ముడతలు పడి ఉంటుంది. వేగంగా వెళ్ళే చక్రం ఎగిరెగిరి పడుతూ మట్టిని నెడుతుంది, అలా ముడత పుడుతుంది. గ్రేడరుతో చదును చేసినా కొద్ది రోజులకే మళ్ళీ వస్తుంది. వాన పడితే ఎర్రమట్టి జారుతుంది, వాగులు అడ్డం తిరుగుతాయి, రోడ్డు మూసేస్తారు. ఎండిపోయాక గుంతల్లో పిండిలాంటి దుమ్ము నిండుతుంది. గుంత ఎంత లోతో చక్రం దిగేదాకా తెలియదు.

ఈ దారి మీద ఎవరు బతుకుతున్నారు? ఆలిస్ నుంచి సుమారు 290 కిలోమీటర్ల దూరంలో యుయెండుమూ ఉంది. వార్ల్‌పిరి ఆదివాసుల ఊరు. 1928లో కానిస్టన్ ప్రాంతంలో వాళ్ళ మీద మారణకాండ జరిగింది. అధికారిక లెక్క 31 మంది. నిజంగా చనిపోయినవాళ్ళు అంతకన్నా చాలా ఎక్కువని ఆ కుటుంబాలు చెబుతాయి. 1946లో ప్రభుత్వం రేషన్లు ఇచ్చే చోటుగా యుయెండుమూను ఏర్పాటు చేసింది. అదే ఊళ్ళో 1985లో వార్లుకుర్లంగు చిత్రకారుల సంస్థ మొదలైంది. ఆ పేరుకు ‘అగ్నికి చెందినది’ అని అర్థం. వాళ్ళ బొమ్మలు ఇవాళ ప్రపంచమంతా వెళ్తున్నాయి. ఆ బొమ్మలు ఊరు దాటేది మాత్రం ఈ దారినే.

ఇంకా ముందుకు పోతే గ్రనైట్స్ దగ్గర బంగారు గని, దారి పొడవునా స్టేషన్లు, అంటే పశువులు పెంచే పెద్ద పెద్ద క్షేత్రాలు. రోడ్ ట్రైన్, అంటే మూడు ట్రైలర్లు కట్టిన లారీ, పొడవు 50 మీటర్లు దాటుతుంది. అది ఎదురొస్తే దుమ్ములో కాసేపు ఏమీ కనబడదు. ఆ కుదుపులకు పశువుల ఒళ్ళు కమిలిపోతుంది, టైర్లు చిరుగుతాయి. గనికీ పశువులకూ మంచి రోడ్డు కావాలన్న మాటలో తప్పు లేదు. గని రాయల్టీల్లో ఒక భాగాన్ని పిల్లల చదువుకు పెట్టాలని వార్ల్‌పిరి వాళ్ళే నిర్ణయించుకుని 2005లో ఒక ట్రస్టు పెట్టుకున్నారు. గనిని శత్రువుగా చూపించడం నా ఉద్దేశం కాదు.

నా అభ్యంతరమల్లా ఏ రోడ్డును ముందు బాగుచేయాలో లెక్క కట్టే పద్ధతి మీద. రోజుకు ఎన్ని బండ్లు తిరుగుతాయన్నదే కొలతైతే ఈ దారి ప్రతిసారీ ఓడిపోతుంది, లేదా గని లారీలు తిరిగే మేరకే గెలుస్తుంది. బండిలో ఎవరున్నారన్నది ఆ లెక్కకు అందదు. మధ్య ఆస్ట్రేలియా ఆదివాసుల్లో కిడ్నీ జబ్బు చాలా ఎక్కువ. డయాలసిస్ వారానికి మూడుసార్లు. ఊళ్ళో ఆ సదుపాయం లేకపోతే మనిషి తన నేలనూ మనవలనూ వదిలి ఆలిస్‌లో ఉండిపోవాలి. 2000లో పశ్చిమ ఎడారి చిత్రకారులు తమ బొమ్మలు వేలం వేసి పది లక్షల డాలర్లకు పైగా కూడబెట్టారు. ఆ డబ్బుతో మొదలైన పర్పుల్ హౌస్ అనే సంస్థ ఇవాళ యుయెండుమూలోనూ డయాలసిస్ చేస్తోంది. వాళ్ళ దగ్గర ఒక ట్రక్కు ఉంది, అందులోనే డయాలసిస్ కుర్చీలు. బంధువు చనిపోతే, పండగొస్తే, ఆ ట్రక్కు ఊరికి వెళ్తుంది, దూరాన ఉన్న రోగి నాలుగు రోజులు సొంత మనుషుల మధ్య గడుపుతాడు. ట్రాఫిక్ లెక్కలో అది ఒక్క బండి. నాకు ఈ రోడ్డు గుర్తొస్తే మొదట కళ్ళముందు మెదిలేది ఆ ఒక్క బండే.

ఇంజినీర్లకు ఒక మాట. ఎడారిలో కంకర దొరికే గుట్ట కనబడితే మనకు ప్రాణం లేచొస్తుంది. అదే గుట్ట వార్ల్‌పిరి వాళ్ళకు జుకుర్ర్పాలో భాగం కావచ్చు, అంటే పూర్వికులు నడిచి, సృష్టించి, ఇప్పటికీ నిలిచి ఉన్న చోటు. ఈ దారి మొదలయ్యే నార్తర్న్ టెరిటరీలో 1989 నాటి పవిత్ర స్థలాల చట్టం ఉంది, ఆ స్థలాలను కాపాడే సర్టిఫికెట్లు ఉన్నాయి. దాన్ని ఆలస్యంగా లెక్కేసి విసుక్కోవడం మానేయాలి. పెద్దలతో కలిసి ఆ నేల మీద నడవాలి. ఏ వాగు ఎక్కడ పొంగుతుందో, ఏ నేల నీళ్ళు పీలుస్తుందో వాళ్ళకు తెలుసు. గ్రేడరు తోలే ఉద్యోగాలు కూడా ఆ ఊళ్ళవాళ్ళకే దక్కాలి.

2023 జనవరిలో పశ్చిమ ఆస్ట్రేలియా ఉత్తరాన కింబర్లీ ప్రాంతంలో, ఫిట్జ్‌రాయ్ క్రాసింగ్ వంతెన వరదకు పాడైంది. పెర్త్ నుంచి తూర్పు కింబర్లీకి సరుకులు దేశం చుట్టూ వేల కిలోమీటర్లు తిరిగి రావాల్సివచ్చింది. కొత్త వంతెన ఆ ఏడాది డిసెంబరుకే తెరిచారు. దుకాణాల్లో సరుకు నిండుకుంటే ప్రభుత్వం ఎంత వేగంగా కదలగలదో అప్పుడు చూశాం. అదే పశ్చిమ ఆస్ట్రేలియాలో, మన తనామీ దారి మీద, బిల్లిలూనా దగ్గర స్టర్ట్ క్రీక్ అనే వాగు పొంగితే బాల్గో, ములాన్ అనే ఆదివాసుల ఊళ్ళవాళ్ళకు హాల్స్ క్రీక్ దారి తెగిపోతుంది. అది ఏళ్ళ తరబడి జరుగుతున్న సంగతి.

అందుకే నన్నడిగితే, మొదటి లారీ కంకర స్టర్ట్ క్రీక్ ఒడ్డున దించమంటాను.