పసిపిల్లలకు పక్షవాతం వచ్చినప్పుడు
(కర్నూలులో ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంల సమావేశంలో ఒక పిల్లల వైద్యురాలి ప్రసంగం)

అందరికీ నమస్కారం.

మూడేళ్ల పాప పొద్దున లేచేసరికి ఒక పక్క చేయి, కాలు ఆడవు. మూతి పక్కకి పోతుంది. గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు. కొన్నాళ్లకు కాస్త తేరుకుంటే అందరూ ఆ సంగతి మర్చిపోతారు. కొన్ని నెలలకు మళ్లీ వస్తుంది.

పసివాళ్లకు పక్షవాతం రావడానికి చాలా కారణాలున్నాయి. వాటిలో ఒకదాని గురించి 2014 దాకా ఎవరికీ తెలియదు. ఆ ఏడాది అమెరికాలో ఒక బృందం, ఇజ్రాయెల్‌లో ఒక బృందం విడివిడిగా దాన్ని గుర్తించాయి. పేరు డాడా-2. అంటే అడినోసిన్ డీఅమినేజ్-2 అనే ఎంజైమ్ లోపం.

ఏడీఏ పరీక్ష, అంటే అడినోసిన్ డీఅమినేజ్ పరీక్ష, మీకు తెలిసిందే. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరితే, అది టీబీయా అని ఆ నీటిలో చూస్తారు. టీబీలో అక్కడ పెరిగేది ఎక్కువగా ఈ రెండో రకం ఎంజైమే. తెల్లకణాల్లో మోనోసైట్లు దీన్ని తయారుచేస్తాయి. పుట్టుకతోనే ఇది లోపిస్తే, ఏ క్రిమీ లేకపోయినా ఒంట్లో వాపు రగులుతూనే ఉంటుంది. రక్తనాళాల గోడలు దెబ్బతింటాయి. మెదడు లోపలి సన్నని నాళం మూసుకుపోతే పక్షవాతం. చిట్లితే రక్తస్రావం.

చూడాల్సినవి ఏమిటంటే, కారణం దొరకని జ్వరం పదేపదే రావడం, తొడల మీద, కాళ్ల మీద వల పరిచినట్టు ఊదారంగు గీతలు. చామనఛాయ ఒంటి మీద ఆ గీతలు త్వరగా కనపడవు. వెలుతురులో నిలబెట్టి చూడండి. కొందరిలో రక్తం బాగా తగ్గిపోతుంది, ఐరన్ సిరప్‌తో పెరగదు.

మన సీమలో మేనరికాలు ఎక్కువ. ఈ జబ్బు రావాలంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు పాడైన జన్యువులు బిడ్డకు చేరాలి. ఒక్కటే ఉన్న తల్లిదండ్రులు మామూలుగా బాగానే ఉంటారు. దగ్గరి చుట్టాల్లో పెళ్లయితే ఇద్దరి దగ్గరా అదే జన్యువు ఉండే అవకాశం ఎక్కువ. అలాంటి జంటకు ప్రతి కాన్పులోనూ 25 శాతం ముప్పు. ఒక బిడ్డకు వచ్చింది కాబట్టి తర్వాతి ముగ్గురికీ రాదనుకోవడం తప్పు. ఇంకో మాట. ఇలాంటి ఇళ్లలో నింద కోడలి మీదే పడుతుంది. సగం తండ్రి నుంచే వచ్చిందని ఆ ఇంట్లో కూర్చుని గట్టిగా చెప్పండి.

రక్తంలో ఈ ఎంజైమ్ పనితీరు కొలిచే పరీక్ష ఉంది, జన్యుపరీక్ష ఉంది. టీబీకి చేసే ఏడీఏ పరీక్షతో ఇది తేలదు. జబ్బు తేలితే, ఒంట్లో వాపును రగిలించే టీఎన్‌ఎఫ్ అనే పదార్థాన్ని అడ్డుకునే ఎటానర్సెప్ట్ లాంటి ఇంజెక్షన్లు మళ్లీ పక్షవాతం రాకుండా బాగా కాపాడుతున్నాయి. ఖర్చు భారమే, చాలాకాలం వాడాలి కూడా. మొదలుపెట్టే ముందు లోపల దాగిన టీబీ ఉందేమో తప్పకుండా చూడాలి, ఎందుకంటే ఈ మందు దాన్ని లేపగలదు. రక్తకణాలే తయారవని పిల్లలకు మూలకణాల మార్పిడి చేస్తారు.

పక్షవాతం అనగానే ఆస్పిరిన్ ఇస్తుంటారు. ఈ జబ్బులో రక్తనాళం చిట్లే భయం ఉంది. అందుకే అనుమానం ఉంటే సొంతంగా వేయించొద్దు, ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి.

అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు కూడా పరీక్ష చేయించాలి. ఒకే ఇంట్లో ఒకరు పసితనంలోనే పడిపోతే, అదే లోపమున్న ఇంకొకరు పెద్దయ్యేదాకా ఆరోగ్యంగా కనిపించవచ్చు.