స్టాంపు పేపరు మీద సంతకం పెడితే విడాకులైనట్టేనా?

అందరికీ నమస్కారం.

"విడాకుల కేసు ఎలా వేస్తారో చెప్పండి మేడమ్" అని గ్రంథాలయం వాళ్లు పిలిచారని చెబితే మా ఇంట్లో నవ్వారు. శ్రావణమాసం, ఊళ్లో ఏ ఫంక్షన్ హాలు చూసినా లైట్లు వెలుగుతున్నాయి, నువ్వు ఈ మాట చెప్పడానికి వెళ్తున్నావా అని. వెళ్లాల్సిందే అన్నాను. లాయరుగా నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది కేసు వేయడానికి రారు. కేసు వేయకుండా ఏదో చేసేసుకుని, అది సరిచేయమని వస్తారు.

కొన్నేళ్ల కిందట ఒకామె వచ్చింది. చేతిలో చీరల షాపు కవరు, అందులో ఇంకో ప్లాస్టిక్ కవరు, దాన్లో నాలుగు మడతల వంద రూపాయల స్టాంపు పేపరు. మడతల దగ్గర చిరిగితే టేపు అంటించింది. "ఇకమీదట మా ఇద్దరికీ ఒకరిపై ఒకరికి ఎటువంటి హక్కులూ, బాధ్యతలూ లేవు" అని రాసుంది. కింద ఆరుగురు పెద్దమనుషుల సంతకాలు, ఒక వేలిముద్ర, నోటరీ ముద్ర. రాసి అప్పటికి తొమ్మిదేళ్లు. "మాకు విడాకులైపోయాయి మేడమ్. పాస్‌పోర్టులో ఆయన పేరు తీయించుకుందామంటే డిక్రీ కావాలన్నారు. అదెక్కడ ఇస్తారు?" అని అడిగింది. డిక్రీ అంటే విడాకులు మంజూరు చేస్తూ కోర్టు ఇచ్చే ఉత్తర్వు.

ఆ పేపరు రెండుసార్లు చదివాను. రాసినవాడు బాగానే రాశాడు. బంగారం ఎన్ని కాసులు తిరిగిచ్చారో, ఇత్తడి బిందెలు ఎన్నో కూడా ఉంది. విడాకులు మాత్రం లేవు. చట్టం దృష్టిలో ఆమె ఆ రోజుకీ అతని భార్యే. అతనేమో మళ్లీ పెళ్లి చేసుకున్నాడు, ఇద్దరు పిల్లలు. ఆ రెండో పెళ్లి చెల్లదు. పైగా అది నేరం. ఏడేళ్ల దాకా జైలు శిక్ష పడొచ్చు. ఆ పిల్లలను మాత్రం చట్టం సక్రమ సంతానంగానే చూస్తుంది, 1955 నాటి హిందూ వివాహ చట్టం 16వ సెక్షన్ వాళ్లను కాపాడుతుంది. కానీ ఆ రెండో భార్య గతి ఏమిటి? ఆమెకీ ఇదే స్టాంపు పేపరు చూపించి పెళ్లి చేశారట.

ఇక్కడ ఒక మాట చెప్పాలి, లేకపోతే మీలో కొందరు నన్ను పట్టుకుంటారు. మన దగ్గర కొన్ని కులాల్లో పెద్దల ముందు తెగదెంపులు చేసుకోవడం, మారుమనువు చేసుకోవడం తరతరాల ఆచారం. ఆ చట్టమే 29వ సెక్షన్‌లో దాన్ని అలాగే ఉంచింది. అయితే ఆ ఆచారం తమలో నిజంగా ఉందని, ఎప్పటినుంచో నడుస్తోందని సాక్ష్యంతో రుజువు చేయాలి. రుజువు ఎక్కడ చేస్తారు? కోర్టులోనే. అంటే తిరిగి తిరిగి అక్కడికే రావాలి.

ఏళ్ల తరబడి విడిగా ఉంటే విడాకులు వాటంతటవే వచ్చేస్తాయన్నది ఇంకో అపోహ. రావు. ఇరవై ఏళ్లు విడిగా ఉన్నా రావు. డిక్రీ వచ్చిన రోజునే పెళ్లి ముగుస్తుంది.

మరి ఆ డిక్రీ ఎలా వస్తుంది? రెండు దారులు. ఇద్దరూ ఒప్పుకుని వెళ్లడం ఒకటి, ఒకరి మీద ఒకరు కేసు వేయడం రెండోది.

ఒప్పుకుని వెళ్లేది హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్. 1976లో చట్టంలో చేర్చారు. ఏడాదికి తగ్గకుండా విడిగా ఉండాలి, ఇక కలిసి ఉండలేమని ఇద్దరూ కలిసి పిటిషన్ వేయాలి. విడిగా అంటే వేర్వేరు ఇళ్లే కానక్కర్లేదు. ఒకే కప్పు కింద ఉంటూ భార్యాభర్తలుగా బతకకపోయినా విడిగా ఉన్నట్టేనని సుప్రీంకోర్టు 1991లో చెప్పింది. మన ఊళ్లలో పైవాటాలో ఒకరు, కిందివాటాలో ఒకరు ఉండే జంటలు నాకు తెలుసు కాబట్టి చెబుతున్నాను.

పిటిషన్‌తో పాటు పెళ్లి శుభలేఖ, పెళ్లి ఫొటో, ఆధార్ జిరాక్సులు ఇస్తారు. పెళ్లి రిజిస్టర్ కాలేదని కొందరు టెన్షన్ పడతారు. శాస్త్రప్రకారం పెళ్లి జరిగితే చాలు, రిజిస్ట్రేషన్ లేనంత మాత్రాన కేసు ఆగదు. మొదటిరోజు ఇద్దరి స్టేట్‌మెంట్లు తీసుకుంటారు. ఆ తర్వాత ఆరు నెలలు. ఆరు నెలలు దాటాక, పద్దెనిమిది నెలల లోపు మళ్లీ ఇద్దరూ వచ్చి అదే మాట చెప్పాలి. ఈ ఆరు నెలలు తప్పనిసరి కాదని, కలిసే ఆశ లేదనీ అన్నీ తేల్చుకున్నారనీ నమ్మకం కుదిరితే కోర్టు మాఫీ చేయవచ్చని సుప్రీంకోర్టు 2017లో తీర్పిచ్చింది. అడిగితే ఇస్తారని కాదు, అడగవచ్చని.

ఆ రెండోరోజు గురించి కాస్త చెబుతాను. బెంచ్ క్లర్క్ పేర్లు పిలుస్తాడు. ఇద్దరూ వెళ్లి ఒక జానెడు దూరంలో నిలబడతారు, చాలా నెలల తర్వాత అంత దగ్గరగా. జడ్జిగారు "ఎవరి బలవంతమైనా ఉందా? ఇష్టపూర్వకంగానే అడుగుతున్నారా?" అని అడుగుతారు. లేదండీ, ఇష్టపూర్వకంగానేనండీ. రెండు నిమిషాలు. అంతవరకూ బాగానే ఉన్నవాళ్లు అక్కడ గొంతు పెగలక నిలబడిపోవడం చూశాను. కాదని తల అడ్డంగా ఊపిన వాళ్లనూ చూశాను. ఊపే హక్కు ఉంది. డిక్రీ వచ్చేదాకా ఎవరైనా తమ ఒప్పుదలను వెనక్కి తీసుకోవచ్చు. అప్పుడు ఆ పిటిషన్ కొట్టేస్తారు.

అందుకే డబ్బు విషయంలో నేను కఠినంగా ఉంటాను. మొత్తం ముందే ఇచ్చేసి రెండోసారి కోసం ఎదురుచూసి మోసపోయిన మగవాళ్లున్నారు. డిక్రీ అయ్యాక ఇస్తామంటే నమ్మి పైసా అందని ఆడవాళ్లున్నారు. సగం మొదటిరోజు, మిగతా సగం రెండోరోజు జడ్జిగారి ఎదుట డీడీ రూపంలో చేతికి. అలా రాసుకోండి. ఒప్పందంలో "బంగారం ఇచ్చేశారు" అని రాయకండి, ఏ వస్తువు ఎంత బరువో రాయండి. ఆ స్టాంపు పేపరు రాసినవాడి దగ్గర నేర్చుకోవాల్సింది అదొక్కటే. పిల్లలు ఎవరి దగ్గర ఉంటారు, ఆదివారాలు, సంక్రాంతి, వేసవి సెలవులు ఎవరి దగ్గర, ఫీజులు ఎవరు కడతారు, అన్నీ ఉండాలి. "నా పిల్లలకు మీ పైసా అక్కర్లేదు" అని కోపంలో తల్లి రాసిస్తుంటుంది. పిల్లల హక్కు పిల్లలది, తల్లి వదులుకుంటే పోయేది కాదు. ఒకరి మీద ఒకరు పెట్టుకున్న మిగతా కేసులు ఏ తేదీకల్లా మూసేస్తారో కూడా రాయాలి.

ఇక రెండో దారి. పెళ్లయిన ఏడాది లోపు మామూలుగా విడాకుల పిటిషన్ వేయనివ్వరు, మరీ అసాధారణమైన కష్టం ఉంటే తప్ప. కారణం చూపాలి: క్రూరత్వం, వ్యభిచారం, రెండేళ్లుగా వదిలేయడం, మతం మారడం, ఏడేళ్లుగా ఆచూకీ లేకపోవడం లాంటివి. కుష్ఠువ్యాధి కూడా ఒక కారణంగా ఉండేది, సిగ్గుపడాల్సిన విషయం. 2019లో తీసేశారు. మనసులు కలవలేదన్నది చట్టంలో కారణం కాదు. పెళ్లి పూర్తిగా విచ్ఛిన్నమైందన్న ఒక్క కారణంతో విడాకులిచ్చే అధికారం రాజ్యాంగం 142వ అధికరణం కింద సుప్రీంకోర్టుకే ఉంది. 2023లో రాజ్యాంగ ధర్మాసనం ఆ మాట చెప్పాక, టీవీలో చూసి మా ఆఫీసుకి వచ్చి ఆ అధికరణం కింద వేయమన్నవాళ్లు ఎందరో. ఫ్యామిలీ కోర్టుకు ఆ అధికారం లేదు.

క్రూరత్వం అంటే కొట్టడమే కాదు, మానసికమైనదీ వస్తుంది. కానీ "నన్ను చాలా హింసించారు" అని రాస్తే కేసు కాదు. నేను అడిగేది తేదీలు. ఏ పండగకి, ఏ ఊళ్లో, ఎవరు చూస్తుండగా, ఆసుపత్రికి వెళ్తే చీటీ ఉందా, ఫోన్‌లో మెసేజ్ ఉందా. ఆ మెసేజ్‌లు కోపంతో డిలీట్ చేయకండమ్మా. క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి లాయరు అడిగేవి కూడా ఇవే, కాస్త కరకుగా.

ఎక్కడ వేయాలి? పెళ్లి జరిగిన ఊళ్లో, చివరిసారి కాపురం ఉన్న ఊళ్లో, అవతలివాళ్లు ఉంటున్న ఊళ్లో. భార్య వేస్తుంటే తానుంటున్న చోటే వేసుకోవచ్చు, 2003 నుంచి. భర్త హైదరాబాద్‌లో వేశాడు, భార్య విజయవాడలో పుట్టింట్లో ఉంది అనుకోండి. కేసును తన ఊరికి మార్పించుకోవాలంటే ఒకప్పుడు ఇక్కడి హైకోర్టుకే వెళ్లేవాళ్లం. ఇప్పుడు రాష్ట్రాలు రెండు, 2019 జనవరి నుంచి హైకోర్టులూ రెండు. ఐదారు గంటల బస్సు ప్రయాణం తగ్గించుకోవడానికి ఢిల్లీలో సుప్రీంకోర్టు మెట్లెక్కాలి. విభజన లెక్కల్లో నీళ్ల గురించి, ఆస్తుల గురించి మాట్లాడతారు, దీని గురించి ఎవరూ మాట్లాడరు.

ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే పొరపాటు. కోర్టు కవరు తీసుకోకపోవడం. పోస్ట్‌మన్ వస్తే ఇంట్లో లేరని చెప్పించడం. ఒకాయన నాతో గర్వంగా అన్నాడు, "మా అమ్మాయికి మూడుసార్లు సమన్లు వచ్చాయి, ఒక్కటీ తీసుకోలేదు, కేసు ఎలా నడుస్తుందో చూద్దాం" అని. నడిచింది. అందినట్టే లెక్కగట్టి ఎక్స్‌పార్టీ చేశారు, అంటే ఆమె లేకుండానే కేసు నడిపారు. ఆ అమ్మాయి వైపు మాట ఒక్కటీ రికార్డులో లేకుండా డిక్రీ వచ్చేసింది. దాన్ని రద్దు చేయమని అడగడానికి 30 రోజులే గడువు. సమన్లు నిజంగా అందకపోతే తెలిసిన రోజు నుంచి లెక్క. కావాలని తిప్పి పంపినవాళ్లు అందలేదని ఏ మొహంతో చెబుతారు? కవరు తీసుకుంటే ఒప్పుకున్నట్టు కాదండీ. తీసుకుని, వాయిదా రోజున వెళ్లి, కౌంటర్, అంటే మీ రాతపూర్వక జవాబు, వేయండి.

డబ్బు లేదు లాయరును ఎలా పెట్టుకోవాలి అంటారా? ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, 1987 నాటి చట్టం ప్రకారం. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. ఫోన్ నంబరు 15100. కేసు నడుస్తుండగానే మధ్యంతర భరణం అడగవచ్చు, హిందూ వివాహ చట్టం 24వ సెక్షన్. సంపాదన లేని భర్తా అడగవచ్చు. ఇద్దరూ ఆస్తి అప్పుల అఫిడవిట్ వేయాలని సుప్రీంకోర్టు 2020లో నిర్దేశించింది. లక్షల జీతగాడు హఠాత్తుగా నిరుద్యోగి అయిపోయే విచిత్రం అప్పటినుంచి కొంత తగ్గింది. కొంతే.

అమెరికా సంబంధాలున్నవాళ్లు ఇక్కడ చాలామంది కనిపిస్తున్నారు కాబట్టి ఒక పాత కేసు చెబుతాను. 1975లో తిరుపతిలో పెళ్లి. తర్వాత భర్త అమెరికాలో మిస్సోరి రాష్ట్రం కోర్టులో కేసు వేసి 1980లో విడాకులు తెచ్చుకున్నాడు. 1981లో యాదగిరిగుట్టలో మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య క్రిమినల్ కేసు పెట్టింది. అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1991లో ఆ అమెరికా డిక్రీ ఇక్కడ చెల్లదన్నారు. ఏ చట్టం కింద పెళ్లయిందో ఆ చట్టంలోని కారణం మీదే విడాకులు రావాలి, లేదా అవతలి మనిషి ఆ కోర్టుకు ఇష్టపూర్వకంగా లోబడి వాదించుకుని ఉండాలి, లేదా ఒప్పుకుని ఉండాలి అని సూత్రం పెట్టారు. డల్లాస్‌లో డిక్రీ చేతికి రాగానే ఇక్కడ సంబంధాలు చూసే తల్లిదండ్రులు ముందు ఆ డిక్రీ నాలాంటివాళ్లకి చూపించండి.

ఇప్పటిదాకా చెప్పింది హిందువుల సంగతి. క్రైస్తవులకు 1869 నాటి చట్టం, ముస్లిం మహిళలకు 1939 నాటి చట్టం, మతాచారంతో పనిలేకుండా రిజిస్ట్రార్ ఎదుట చేసుకునే పెళ్లిళ్లకు 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం వేరుగా ఉన్నాయి. వాటిని ఇందులో ఇరికిస్తే దేనికీ న్యాయం జరగదు.

డిక్రీ వచ్చింది. వెంటనే ముహూర్తం పెట్టుకోవచ్చా? పోరాడి తెచ్చుకున్నదైతే అప్పీలు గడువు దాటనివ్వాలి, నేనైతే 90 రోజులు ఆగమంటాను. అవతలివాళ్లు అప్పీలు వేశారేమో హైకోర్టులో కనుక్కోవాలి.

ఆ స్టాంపు పేపరు ఆమె సంగతి సగంలో వదిలేశాను. అతన్ని జైలుకి పంపాలని ఆమెకి లేదు. కబురు పెడితే అతను భయపడుతూ వచ్చాడు. ఇద్దరితో 13బి పిటిషన్ వేయించాను. తొమ్మిదేళ్లుగా విడిగా ఉన్నారు కాబట్టి ఆరు నెలల మాఫీ అడిగితే ఇచ్చారు. రెండో భార్య కోర్టు బయట వేపచెట్టు కింద కూర్చుంది. డిక్రీ అయ్యాక అతనూ ఆ రెండో భార్యా మళ్లీ పెళ్లి చేసుకోవాల్సి వచ్చింది, పిల్లలు పక్కన ఉండగా. మొదటి భార్య మాత్రం కోర్టు కాపీయింగ్ సెక్షన్‌లో ఒకటికి మూడు సర్టిఫైడ్ కాపీలకు అప్లికేషన్ పెట్టింది. మూడెందుకమ్మా అన్నాను. "ఒకటి పాస్‌పోర్టుకి, ఒకటి నాకు, ఒకటి మా ఊరి పెద్దమనుషులకి" అంది.

ప్రశ్నలుంటే అడగండి. సొంత కేసు అయితే ఇక్కడ అందరి ముందూ వద్దు, కిందికి దిగాక చెప్పండి.