బీఎండబ్ల్యూ, బెంజి, ఆడి: ముందుగా వెనక సీట్లో కూర్చుని చూడండి

నమస్తే అండీ. బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ కింద నిలబడి మాట్లాడుతున్నాను. అలాగని ఈ వీడియోలో బెంజే గెలుస్తుందని ఇప్పుడే ఫిక్సయిపోకండి. హారన్లు వినపడితే కాస్త సర్దుకోండి, బెజవాడలో ఈ టైముకి ఇంతకన్నా ప్రశాంతమైన చోటు దొరకలేదు.

సంగతేంటంటే, గుంటూరు బ్రాడీపేటలో మా బావగారున్నారు. మిర్చి వ్యాపారం. పదేళ్లు ఇన్నోవాలో తిరిగారు. ఇప్పుడు ఆయనకి జర్మన్ సెడాన్ కావాలట. "ఏది తీసుకోమంటావురా?" అన్నారు. బీఎండబ్ల్యూ త్రీ సిరీస్, బెంజి సీ క్లాస్, ఆడి ఏ4, ఈ మూడే లెక్కలో ఉన్నాయి. నేను ఇంజిన్ సంగతి ఎత్తలేదు. "బావగారూ, బండి మీరు తోలతారా, డ్రైవర్ తోలతాడా?" అన్నాను. "ఆదివారం నేను. మిగతా ఆరు రోజులూ డ్రైవరే. అమ్మ ఎప్పుడూ వెనకాలే."

సగం అక్కడే తేలిపోయింది. మన దగ్గర ఈ బళ్లు కొనేవాళ్లలో చాలామంది కూర్చునేది వెనకాలే. చూసే రివ్యూలేమో అన్నీ స్టీరింగ్ ముందు కూర్చున్నవాళ్లవి. షోరూమ్‌లో ఇచ్చే పది నిమిషాల టెస్ట్ డ్రైవ్‌లో వెనక సీటు సంగతి ఏం తెలుస్తుంది? అందుకే తెలిసినవాళ్లని బతిమాలి మూడు బళ్లూ తలో రోజు తెచ్చాం. అత్తయ్యని వెనకాల కూర్చోబెట్టి గుంటూరు నుంచి మంగళగిరి మీదుగా బెజవాడ వచ్చాం.

అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు. మొదటి రోజు ఆవిడ ఎక్కడం చూశాను. ఒక చెయ్యి డోరు మీద, ఒక చెయ్యి నా భుజం మీద వేసి, మొదట వెనక సీటు మీద వాలి, తర్వాత చీర కుచ్చిళ్లు పట్టుకుని కాళ్లు ఒక్కోటీ లోపల పెట్టుకున్నారు. "ఇన్నోవాలోకి ఎక్కేదాన్ని నాయనా, ఇందులోకి దిగుతున్నాను" అన్నారు. మూడింట్లోనూ ఇదే కథ. సెడాన్ అంటేనే కిందకి ఉంటుంది, దానికి మందు లేదు. ఇంట్లో పెద్దవాళ్లుంటే డబ్బు కట్టకముందే ఒక్కసారి ఎక్కించి, దించి చూడండి.

కూర్చున్నాక మాత్రం తేడా ఉంది. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం, అదే వీల్‌బేస్, ఏ4కి 2,820 మిల్లీమీటర్ల దగ్గర, సీ క్లాస్‌కి 2,865. మన దేశంలో అమ్మే పొడుగు త్రీ సిరీస్‌కి 2,961. మామూలు త్రీ సిరీస్ కన్నా 11 సెంటీమీటర్లు ఎక్కువ. జానెడు కూడా లేదు, కానీ ఆ కాస్తా వెనక మోకాళ్ల దగ్గరే ఇచ్చారు. అత్తయ్య కాళ్లు చాపుకుని కాజ టోల్ గేటు రాకముందే కునుకు తీశారు. సీ క్లాస్‌లో వెనక సీటు తొడల కింద ఇంకాస్త ఆనితే బాగుండనిపించింది. అందం మాట వస్తే, రాత్రి పూట లైట్లు వెలిగాక బెంజి లోపల ఉన్న వైభోగం మిగతా రెండింట్లో లేదు, అది ఒప్పుకోవాలి. ఆడి ముందు చక్రాలతో నడిచే బండే. అయినా వెనక కాళ్లు పెట్టే చోట మధ్యలో ఇంత ఎత్తున గుట్ట! అదే బాడీ మీద క్వాట్రో, అంటే నాలుగు చక్రాలూ తోసే బండి, కూడా కడతారు కాబట్టి వెనక చక్రాలకి పోయే షాఫ్టుకి చోటు వదిలారు. మధ్యలో కూర్చునేవాడికి మూడింట్లోనూ శిక్షే.

తోలడం గురించి ఎక్కువ చెప్పను. పొడుగు త్రీ సిరీస్ పెట్రోలు మోడల్ 330ఎల్‌ఐలో రెండు లీటర్ల ఇంజిన్, 258 హార్స్ పవర్, సున్నా నుంచి వంద స్పీడుకి 6.2 సెకన్లు. వెనక చక్రాలు తోస్తుంటే ఆదివారం బావగారి మొహం చూడాలి. సీ క్లాస్ పెట్రోలు, అదే సీ200లో ఉన్నది ఒకటిన్నర లీటరే, కానీ 204 హార్స్ పవర్. దానికి తోడు 48 వోల్టుల చిన్న మోటారు ఉండటంతో రామవరప్పాడు రింగు దగ్గర ఇంజిన్ ఆగిందో, మళ్లీ స్టార్టయిందో కూడా తెలీదు. వారం వారం హైదరాబాద్ తిరిగేవాళ్లయితే సీ220డీ డీజిల్ చూడండి, 440 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే లాగే బలం. ఆడి వాళ్లు 2020 నుంచి మన దేశంలో డీజిల్ అమ్మడమే మానేశారు.

ఇప్పుడు పానకం సంగతి. మంగళగిరిలో స్వామికి పానకం పోయించి, ప్రసాదం తాగి వచ్చి బెంజిలో కూర్చున్నాం. మే నెల ఎండ. ఏసీ పెంచాలంటే నిలువుగా ఉన్న ఆ 11.9 అంగుళాల స్క్రీన్ మీదే వేలు పెట్టాలి. నా వేలికేమో బెల్లం. అద్దం మీద ముద్ర అలాగే అంటుకుపోయింది. బండి ఓనరు చూడకముందే లాల్చీ కొసతో తుడిచాను. కొత్త బీఎండబ్ల్యూలోనూ ఏసీ స్క్రీన్‌లోకే వెళ్లిపోయింది. ఆడిలో మాత్రం ఏసీకి గుండ్రటి బిళ్లలున్నాయి, టక్ టక్‌మని తిరుగుతాయి, చూడకుండానే తిప్పుకోవచ్చు. బెజవాడ ఎండల్లో నాకు 258 హార్స్ పవర్ కన్నా అదే ముద్దొచ్చింది. కాకపోతే బయటి దేశాల్లో 2024లోనే ఏ4 స్థానంలోకి ఏ5 పేరు వచ్చేసింది. ఏ4 తీసుకునేవాళ్లు ఆ మాట చెప్పి బేరం గట్టిగా ఆడండి.

ధరలంటారా, ఎక్స్ షోరూమే యాభై, అరవై లక్షల చుట్టూ తిరుగుతాయి, పైన లైఫ్ ట్యాక్స్. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 40 శాతం చేసి సెస్సు తీసేశారు, అంతకుముందు రెండూ కలిపి అంతకంటే ఎక్కువే పడేది. పాత కొటేషన్ పట్టుకుని బేరానికి కూర్చోకండి.

బుడమేరు వరద గుర్తుందిగా? 2024 సెప్టెంబర్‌లో సింగ్ నగర్‌లో బళ్లు రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. గాలి పీల్చే గొట్టంలోంచి నీళ్లు సిలిండర్‌లోకి పోతే, నీళ్లు గాలిలా నొక్కుకోవు కదా, కనెక్టింగ్ రాడ్డే వంగిపోతుంది. నీళ్లలో ఆగిన బండిని మళ్లీ స్టార్ట్ చేయకండి. ఇన్సూరెన్సులో జీరో డెప్ (పార్టుల పాతదనానికి కోత పెట్టని కవర్) ఉందిలే అని ధీమా పడొద్దు, ఇలా పాడైన ఇంజిన్‌కి డబ్బిచ్చే ఇంజిన్ ప్రొటెక్ట్ విడిగా అడిగి వేయించుకోండి. టైర్లు కూడా చూసుకోండి. రన్‌ఫ్లాట్ అయితే గాలి పోయినా 80 స్పీడు దాటకుండా 80 కిలోమీటర్ల దాకా లాక్కురావచ్చు, కానీ పక్కగోడ గట్టిగా ఉండటంతో గుంతలు నడుముకి తెలుస్తాయి. నా ఫ్రెండు బండికి గుంతలో పడి టైరు పక్కన బుడగ లేచింది. ఆ సైజు ఊళ్లో దొరక్క మూడు రోజులు ఆటోల్లో తిరిగాడు.

బావగారు పొడుగు త్రీ సిరీస్‌కే ఓటేశారు, నేనూ అదే చెప్పాను. సొంతంగా తోలుకునే కుర్రాడు అడిగుంటే ఏం చెప్పేవాణ్నో, అది వేరే వీడియో. బుకింగ్ మాత్రం ఇంకా కాలేదు. నలుపు మన ఎండకి వద్దని నేను, తెలుపైతే ట్యాక్సీలా ఉంటుందని మా అక్క. కిటికీలకి కర్టెన్లు వస్తాయా అని అత్తయ్య అడుగుతున్నారు.