సంజాయిషీ అడగని చోట

(ఇంజనీర్ల దినోత్సవం నాడు, కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇంజనీర్ల సభలో ఒక విశ్రాంత విద్యుత్ ఇంజనీరు చేసిన ప్రసంగ పాఠం)

మిత్రులారా, నమస్కారం.

విశ్వేశ్వరయ్య గారి పుట్టినరోజున ఆనకట్టల గురించో, ఆయన క్రమశిక్షణ గురించో మాట్లాడటం ఆనవాయితీ. నన్ను పిలిచినవాళ్లు మాత్రం "మీ విజయాల గురించి నాలుగు మాటలు చెప్పండి సార్" అన్నారు. నా విజయాలన్నీ పదవీ విరమణ రోజున మావాళ్లే చెప్పేశారు, శాలువా కూడా కప్పారు. అందులో సగం నాకే కొత్తగా అనిపించాయి. అందుకని ఇవాళ ఒక చెట్టు కొమ్మ గురించి చెబుతాను.

నేను అసిస్టెంట్ ఇంజనీరుగా చేరి అప్పటికి రెండేళ్లు. మాది 33/11 కేవీ సబ్‌స్టేషన్. అక్కడి నుంచి ఒకే ఊరికి రెండు ఫీడర్లు, అంటే కరెంటు మోసుకెళ్లే లైన్లు, వెళ్లేవి. పాత ఊరికి ఒకటి, కొత్త కాలనీ వైపు ఒకటి. ప్యానెల్ మీద రాసిన "పాత", "కొత్త" అనే మాటలు వెలిసిపోయి ఊరి పేరు మాత్రమే మిగిలింది. ఒక సాయంత్రం గాలివానకు స్తంభం మీద తీగలను కలిపే జంపరు తెగింది. పక్కనున్న రైసుమిల్లులోంచి సబ్‌స్టేషన్‌కు ఫోను చేసి, ఊరి పేరు చెప్పి, "ఆ ఫీడరుకు లైన్ క్లియర్ ఇవ్వండి" అన్నాను. అంటే సరఫరా ఆపి, ఇక పని చేసుకోవచ్చని చెప్పమని. పాతదా, కొత్తదా చెప్పలేదు. నా దృష్టిలో ఉన్నది ఒకటే ఫీడరు, కళ్ల ముందున్నది. ఆపరేటరు దృష్టిలో ఉన్నదీ ఒకటే, అంతకు అరగంట ముందు ఎవరో ఫిర్యాదు చేసింది. ఆయన ఆ రెండో ఫీడరును ఆపి, "ఇచ్చాను సార్" అన్నాడు.

లైన్‌మన్ నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. తీగ మీద చెయ్యి వేసే ముందు, అందులో కరెంటు ఉంటే భూమిలోకి పోయేలా ఎర్త్ రాడ్ తగిలించాలన్నది నియమం. వానలో, చీకట్లో, కింద జనం కేకలేస్తుంటే దాన్ని వదిలేసేవాళ్లు చాలామంది. ఆయన వదల్లేదు. రాడ్ తగలగానే ఠప్పుమని నిప్పులు లేచాయి, ఫీడరు ట్రిప్పయి సరఫరా దానంతటదే ఆగిపోయింది. ఆయన కనుబొమలు కాలాయి. అంతకుమించి ఏమీ కాలేదు.

ఆ రాత్రి ముగ్గురం సబ్‌స్టేషన్‌లో కూర్చున్నాం. లాగ్ పుస్తకంలో ట్రిప్పుకు కారణం రాయాలి. ఎవరు ముందు అన్నారో గుర్తులేదు గానీ, "చెట్టు కొమ్మ తగిలి" అని రాశాం. ముగ్గురికీ ఊపిరి వచ్చింది. ఆ స్తంభం దగ్గర చెట్టన్నదే లేదు.

తర్వాత ఏదో ఘోరం జరిగిందని మీరు ఎదురుచూస్తూ ఉండవచ్చు. జరగలేదు. ఆ రెండు ఫీడర్లకూ తిరిగి పేర్లు రాసింది పదకొండేళ్ల తర్వాత, నాతో ఏ సంబంధమూ లేని ఒక కొత్త ఆపరేటరు. పెయింటు డబ్బాకు డబ్బులు కూడా తానే పెట్టుకున్నాడట. ఆ పదకొండేళ్లలో అక్కడ ఎందరు లైన్ క్లియర్ తీసుకుని స్తంభం ఎక్కారో లెక్కపెట్టడానికి నాకు ఇప్పటికీ ధైర్యం లేదు.

అసలు ఎందుకు దాచాం? పిరికితనం అనేస్తే సులభంగా తేలిపోతుంది. కానీ ఆ లైన్‌మన్ పిరికివాడు కాడు. దాచడానికి కారణం ఒక మాట: సంజాయిషీ. మూలంలో దాని అర్థం నచ్చజెప్పడం, అర్థమయ్యేలా వివరించడం. ఆఫీసుకు వచ్చేసరికి దానికి గడువు అంటుకుంది, సంతకం అంటుకుంది, ఇంక్రిమెంటు అంటుకుంది. "ఏం జరిగిందో వివరించు" అన్న మాట "నువ్వు దొరికావు" అన్న అర్థంలో స్థిరపడింది. అలాంటి చోట చెట్లే బాధ్యత వహిస్తాయి. మా రికార్డులు నమ్మితే ఆ మండలంలో చెట్లన్నీ తీగల మీదే మొలిచాయి.

చాలా ఏళ్లకు అమెరికాలో జరిగిన ఒక విమాన ప్రమాదం గురించి చదువుతుంటే నా రైసుమిల్లు ఫోను గుర్తొచ్చింది. 1974 డిసెంబర్ 1. ట్రాన్స్ వరల్డ్ ఎయిర్‌లైన్స్ వారి 514వ నంబరు విమానం వాషింగ్టన్ దగ్గరి డలెస్ విమానాశ్రయంలో దిగడానికి వస్తోంది. వాతావరణం బాగాలేదు. నేల మీద నుంచి విమానాలకు దారి చూపే కంట్రోలర్ దిగడానికి అనుమతి ఇచ్చాడు. ఆ అనుమతి ఇచ్చే మాటకు పైలట్లకు ఒక అర్థం ఉంది, కంట్రోలర్లకు ఇంకొక అర్థం ఉంది. ఇక 1,800 అడుగుల దాకా దిగవచ్చని పైలట్లు అనుకున్నారు. దారిలో కొండ ఉంది, ఎంత ఎత్తులో ఉండాలో పైలట్లే చూసుకుంటారని అటువైపు అనుకున్నారు. విమానం మౌంట్ వెదర్ అనే ఆ కొండను ఢీకొంది. 92 మందీ చనిపోయారు.

నన్ను కుదిపింది దర్యాప్తులో బయటపడిన మరో విషయం. అంతకు ఆరు వారాల ముందు యునైటెడ్ ఎయిర్‌లైన్స్ విమానం ఒకటి అదే అపార్థంతో అదే కొండకు తగలబోయి తప్పించుకుంది. ఆ సిబ్బంది దాచలేదు, తమ కంపెనీలో చెప్పారు. కంపెనీ తన పైలట్లందరినీ హెచ్చరించింది కూడా. కానీ ఆ హెచ్చరిక కంపెనీ గోడ దాటలేదు.

ఆ తర్వాత విమానయాన నియంత్రణ సంస్థ మేలుకుని, 1975లో "మీ పొరపాట్లు మాకు చెప్పండి" అంది. పైలట్లు నమ్మలేదు. లైసెన్సు రద్దు చేసే చెయ్యే ఉత్తరం అందుకుంటానంటే ఎవరు రాస్తారు? 1976లో ఆ పనిని నాసాకు అప్పగించారు. నాసాకు పైలట్ల మీద పెత్తనం లేదు. వచ్చిన ఉత్తరంలో పేరున్న ముక్కను చింపి, రాసినవాళ్లకే తిరిగి పంపుతారు. పది రోజుల్లోపు రాస్తే, కావాలని చేసిన తప్పు కాకపోతే, సాధారణంగా శిక్ష ఉండదు. నేరాలకూ, నిజంగా జరిగిన ప్రమాదాలకూ ఈ రక్షణ లేదు. ఆ పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. నిజం చెప్పమని బోధించడానికి ఎవరైనా సరిపోతారు. చెప్పినదాన్ని ఎవరు అందుకోవాలి, అందుకున్నాక ఏం చెయ్యకూడదు అన్నది ఆలోచించడమే కష్టమైన పని. వాళ్లు ఆ కష్టం పడ్డారు.

మనవాళ్ల సంగతి అంటారా? 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్టు ఐదు నిమిషాలు దాటిన కాసేపటికి బంగాళాఖాతంలో పడటం, విలేకరుల ముందు అప్పటి ఇస్రో అధిపతి సతీశ్ ధవన్ తానే బాధ్యత తీసుకోవడం, 1980 జూలై 18న విజయం సాధించినప్పుడు ఆ ప్రాజెక్టు నడిపిన అబ్దుల్ కలాంను ముందుకు పంపడం మీరంతా విన్నదే. దాన్ని ఒక పెద్దమనిషి గొప్పతనంగా చెప్పుకుంటాం. నాకు మాత్రం ఆ కథలో కలాం చెప్పిన భాగమే ఎక్కువ ఇష్టం. కౌంట్‌డౌన్‌లో కంప్యూటర్ ఆగమంది, నిపుణులు ఫరవాలేదన్నారు, దాన్ని పక్కనపెట్టి ముందుకు సాగాలని నిర్ణయించింది తానేనని ఆయన ఎన్నో సభల్లో చెప్పుకున్నారు. పైన గొడుగు పట్టినవాడు ఉన్నాడు కాబట్టి కింద ఉన్నాయన తడవకుండా నిజం చెప్పగలిగారు.

ఒక చిన్న చిరాకు కూడా చెప్పాలి. ఈ మధ్య వేదికల మీద ఓటమి కథలు చెప్పడం ఫ్యాషనైంది. "మూడుసార్లు మునిగాను, నాలుగోసారి కోటీశ్వరుడినయ్యాను" అంటారు. గెలిచాక చెప్పే ఓటమికి ఖర్చేమీ లేదు, అది విజయానికి తగిలించిన తోరణం. నేను కోరేది మంగళవారం జరిగిన పొరపాటును బుధవారం పొద్దున, ఇంకా చెవులు ఎర్రగా ఉండగానే చెప్పగలగడం. నేనూ ముప్పై ఏళ్లు ఆగి ఈ సభలో చెబుతున్నానని మీరు అడగవచ్చు. అడగండి.

1990వ దశకంలో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆసుపత్రి వార్డుల్లో మందుల పొరపాట్లు లెక్కగట్టింది. సిబ్బంది బాగా కలిసి పనిచేసే వార్డుల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయని ఆమె అంచనా. లెక్కలో ఎక్కువ వచ్చాయి. బాగా పనిచేసే చోట పొరపాట్లు ఎక్కువ చెప్పుకుంటున్నారని, మిగతాచోట్ల అవి లెక్కకే రావడం లేదని ఆమెకు తర్వాత అర్థమైంది. కాబట్టి మీరు రేపు ఏ సబ్‌స్టేషన్‌కు వెళ్లినా, లాగ్ పుస్తకం మరీ శుభ్రంగా ఉంటే సంతోషపడకండి. చుట్టూ చెట్లున్నాయా అని చూడండి.

నేను డివిజనల్ ఇంజనీరునయ్యాక ఉత్సాహంగా ఒక రిజిస్టరు తెరిచాను. అట్ట మీద "తృటిలో తప్పిన ప్రమాదాలు" అని నేనే రాశాను. లోపల తేదీ, స్థలం, పేరు, హోదా, సంతకం. నా తెలివి అంతటిది! ఏడాది గడిచినా ఒక్క అక్షరం పడలేదు. నేను కూడా అందులో ఏమీ రాయలేదని ఏడాది తర్వాత గానీ నాకు తట్టలేదు.

అప్పుడు దాన్ని బీరువాలో పెట్టేసి, నెలలో మొదటి సోమవారం ఆపరేటర్లను, లైన్‌మన్లను టీకి పిలిచాను. కాగితం లేదు, మినిట్స్ లేవు. ఇక్కడ విన్నదాని మీద మెమో ఇవ్వనని మాట ఇచ్చాను. మొదటి నెల వాన గురించి మాట్లాడుకున్నాం. రెండో నెల డీఏ బకాయిల గురించి. మూడో నెల నేనే మొదలుపెట్టాను. రైసుమిల్లు, ఫోను, కాలిన కనుబొమలు, లాగ్ పుస్తకంలో చెట్టు కొమ్మ, అన్నీ చెప్పాను. చెబుతుంటే నా గొంతే నాకు కొత్తగా వినిపించింది. ముగించాక ఎవరూ మాట్లాడలేదు. గ్లాసులు కిందపెట్టిన చప్పుడు తప్ప ఏమీ లేదు.

కాసేపటికి చివరి కుర్చీలో ఉన్న ఆపరేటరు తల ఎత్తకుండానే, "సార్, మా సబ్‌స్టేషన్ దగ్గర కూడా అలాంటి చెట్టు ఒకటుంది" అన్నాడు.

ఆ రోజు టీ రెండోసారి తెప్పించాల్సి వచ్చింది.