చంటిబిడ్డ పక్కన పిల్లి పడుకుంటే: పిల్లల డాక్టరుగారితో ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: విశాఖ శ్రోతలకి నమస్కారం. చంటిపిల్లల డాక్టరుగారు స్టూడియోలో ఉన్నారు, ఇంకా లైన్లు తెరవనే లేదు, ఫోన్ మోగుతూనే ఉంది. హలో, ఎక్కణ్ణుంచమ్మా?

కాలర్: కంచరపాలెం నుంచండి. మొన్ననే పురుడు చేశామండి, పాప. పురిటికి అమ్మావాళ్లింటికి వచ్చాను, ఇక్కడ తమ్ముడు పిల్లిని పెంచుతున్నాడు. మా అత్తగారు పాపని చూడ్డానికి వచ్చేసరికి అది పాప పక్కలో పడుకునుంది, ఇక ఒకటే గొడవ. పాలవాసనకి వచ్చి పిల్ల ఊపిరి లాగేస్తుందట. దాన్ని గోనెసంచిలో కట్టి ఫిషింగ్ హార్బర్‌ దగ్గర వదిలేయమంటున్నారు, అక్కడైతే చేపలు తిని బతుకుతుందిలే అని. తమ్ముడేమో అన్నం మానేసి కూర్చున్నాడండి.

డాక్టర్: ముందు తమ్ముణ్ణి అన్నం తినమను తల్లీ. ఊపిరి లాగడం అనేది ఉత్త మాట, ఏ పిల్లీ ఎవరి ఊపిరీ లాక్కోదు. కానీ మీ అత్తగారి భయాన్ని నేను కొట్టిపారెయ్యను. పిల్లి వెచ్చని చోటు వెతుక్కుంటుంది, ఇంట్లో చంటిబిడ్డ పక్క కంటే వెచ్చని చోటు ఏముంటుంది చెప్పు? ఈ వయసు బిడ్డకి మెడ నిలవదు, ముఖం మీద ఏదైనా పడితే చేత్తో తోసేసే బలం ఉండదు. నాలుగు కిలోల పిల్లి వచ్చి ముఖానికి ఆనుకుని ముడుచుకుందంటే, దాని మనసులో ఏ పాపమూ లేకపోయినా బిడ్డకి గాలి ఆడకపోవచ్చు. అలా జరగడం చాలా అరుదు. అరుదే కదా అని ఊరుకునే విషయం మాత్రం కాదు.

కాలర్: దోమతెర వేస్తున్నామండి, గొడుగులా మడతపెట్టేది.

డాక్టర్: అది దోమకే అడ్డమ్మా, పిల్లికి కాదు. పిల్లి దాని మీదెక్కి కూర్చుందనుకో, ఆ సన్న తీగలు వంగిపోయి వల సరిగ్గా బిడ్డ ముక్కు మీదకి దిగుతుంది. చీర ఉయ్యాల అయితే ఇంకా ఇబ్బంది, పక్కనుంచి చూస్తే లోపల ఏముందో కనపడదు, పిల్లి దూకితే గుడ్డ మొత్తం బిడ్డ చుట్టూ బిగుసుకుంటుంది. పాప నిద్రపోతున్న గదిలోకి పిల్లి రాకూడదు, అంతే. తలుపు వేసెయ్యండి.

కాలర్: ఈ ఉక్కపోతలో తలుపేస్తే పాప సంగతి తర్వాత, నేనే ఉడికిపోతానండి! రోజుకి రెండుసార్లు కరెంటు కూడా పోతుంది.

డాక్టర్: నిజమే, సముద్రం పక్కన ఊరు, ఆ బాధ నాకూ తెలుసు. తలుపుకి మెష్ పెట్టించండి, నైలాన్‌ది వద్దు, గోళ్లతో చీల్చేస్తుంది, స్టీల్ మెష్ అయితే గాలీ వస్తుంది, పిల్లీ ఆగుతుంది. అదయ్యేదాకా పాప పడుకున్నంతసేపూ పిల్లిని వేరే గదిలో ఉంచాలి, లేదా ఒక మనిషి మెలకువగా పాప దగ్గర కూర్చోవాలి. పక్కనే నిద్రపోతూ "నేనున్నాగా" అంటే కుదరదు. ఇంతకీ పాప తల కింద ఆవాల దిండు పెట్టారా?

కాలర్: పెట్టామండి, తల గుండ్రంగా రావాలని...

డాక్టర్: తీసెయ్యమ్మా. నన్నడిగితే పిల్లి కంటే ముందు దాని సంగతే చూడాలి. ఏడాది నిండేదాకా దిండు అక్కర్లేదు. సమంగా, గట్టిగా ఉండే పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టండి, చుట్టూ మెత్తటి బొంతలూ బొమ్మలూ వద్దు. ఇక ఆ హార్బర్ మాట మానెయ్యండి. ఇంట్లో గిన్నెలో తిని పెరిగిన పిల్లి, అక్కడి కుక్కల మధ్య, వేరే పిల్లుల మధ్య ఎక్కడ నెగ్గుకొస్తుంది?

వ్యాఖ్యాత: తమ్ముడు వింటుంటే ఈపాటికి కంచం ముందు కూర్చునుంటాడు. తర్వాతి కాల్, సీతమ్మధార నుంచి. చెప్పండి బాబాయ్.

కాలర్: పిల్లి వెంట్రుకలకి పిల్లలకి పిల్లికూతలొస్తాయంటారు, అందులో ఎంత నిజముంది డాక్టరుగారూ?

డాక్టర్: ఇంత చిన్న పిల్లల్లో ఆ కూతలు ఎక్కువగా జలుబు చేసే వైరస్‌ల వల్ల వస్తాయండి. పిల్లి కొందరికి పడదు, అదీ ఉంది. తల్లిదండ్రుల్లో ఎవరికైనా ఉబ్బసం ఉంటే మీ డాక్టరుకి ఆ మాట ముందే చెప్పండి. బిడ్డ ఆయాసపడుతున్నా, పక్కటెముకల కింద గుంటలు పడుతున్నా కారణం ఏమిటా అని ఇంట్లో చర్చ పెట్టుకోకుండా ఆసుపత్రికి పరుగెత్తండి.

వ్యాఖ్యాత: పెందుర్తి నుంచి ఇంకో కాల్. చెప్పమ్మా.

కాలర్: పొద్దున్న కిటికీలోంచి వీధి పిల్లి వచ్చిందండి. తోలబోతే బెదిరిపోయి మా బాబు చేతిమీంచి దూకింది. బాబుకి రెండో నెల. చిన్న గీత పడింది, రక్తం చుక్కంత వచ్చింది. పసుపు పెట్టాం. ఇప్పుడు హాయిగా నిద్రపోతున్నాడు.

డాక్టర్: రక్తం వచ్చిందంటే చిన్న గీత అనుకోవద్దమ్మా. రేబిస్ కుక్క వల్లే వస్తుందనుకుంటారు, పిల్లి కరిచినా గీరినా అదే లెక్క. ఇవాళే తీసుకెళ్లాలి. రేపు కాదు, మీ ఆయన డ్యూటీ నుంచి వచ్చాక కాదు. కింగ్ జార్జ్ ఆసుపత్రి, అదే కేజీహెచ్‌కి వెళ్లండి. రక్తం వచ్చింది కాబట్టి టీకాతో పాటు గాయం దగ్గర ఇమ్యునోగ్లోబ్యులిన్, అంటే వైరస్‌ని వెంటనే అడ్డుకునే మందు కూడా ఇవ్వాల్సి ఉంటుంది.

కాలర్: రెండు నెలల పిల్లాడు ఆ సూది తట్టుకోగలడాండి?

డాక్టర్: ఈ టీకాకి వయసుతో పని లేదు, పుట్టిన బిడ్డకైనా ఇస్తారు. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో అయితే మొదటి సూది వేసిన రోజుని సున్నా అనుకుని మళ్లీ 3, 7, 28 రోజులకి వేస్తారు. ఒక్కటీ మానకూడదు. ఆ పిల్లి మళ్లీ కనపడితే పది రోజులు ఎలా ఉందో గమనించండి గానీ, దాని కోసం టీకా మొదలుపెట్టడం ఆపొద్దు.

వ్యాఖ్యాత: పెంపుడు పిల్లయితే పర్లేదా డాక్టరుగారూ?

డాక్టర్: ఏటా పశువుల డాక్టరు దగ్గర రేబిస్ టీకా వేయిస్తున్నారా, కార్డు ఉందా అన్నది చూడాలి. కార్డున్నా గీత పడితే బిడ్డని డాక్టరుకి చూపించాల్సిందే. మన ఊళ్లో పెంపుడు పిల్లి అంటే సగం రోజు గోడల మీదే కదండీ!

కాలర్: మరి ఆ పసుపు అలాగే ఉంచమంటారా?

డాక్టర్: వద్దు, కడిగెయ్యాలి. పసుపు, సున్నం, కారం, ఏవీ పెట్టకూడదు. కుళాయి ధార కింద సబ్బుతో పదిహేను నిమిషాలు, గడియారం చూసి మరీ. బాబు ఏడుస్తాడు, ఏడవనీ. నువ్వు కడుగుతుండు, ఇంట్లో వాళ్లని ఆటో పిలవమను. ఇక ఫోన్ పెట్టెయ్యమ్మా.