చామనచాయ, నలుపు చర్మానికి మూలికలు ఎంచుకునే ముందు

అందరికీ నమస్కారం. చామనచాయ నుంచి బాగా నలుపు వరకు ఉన్న చర్మానికి మూలికలతో చేసిన క్రీములు, నూనెలు, లేపనాలు ఎలా ఎంచుకోవాలో చెప్పమన్నారు. నా సమాధానం ముందే చెప్పేస్తాను, ఎందుకో ఆ తర్వాత వివరిస్తాను. ఏ మూలికైనా సరే, అది మిమ్మల్ని తెల్లగా చేస్తుందా అని అడగడం మానేసి, నా చర్మాన్ని మండిస్తుందా అని అడగండి. మండించేది ఎంత సహజమైనదైనా మనకు వద్దు.

ఎందుకంటే మన చర్మం పనిచేసే తీరు అలాంటిది. మెలనిన్ తయారుచేసే కణాలు, అంటే మెలనోసైట్లు, తెల్లగా ఉన్నవాళ్లలోనూ నల్లగా ఉన్నవాళ్లలోనూ దాదాపు ఒకే సంఖ్యలో ఉంటాయి. అవి ఎంత మెలనిన్ చేస్తాయి, ఏ రకం చేస్తాయి, ఎంత పెద్ద రేణువులుగా పైకణాలకు అందిస్తాయి అన్నదాంట్లోనే తేడా అంతా ఉంది. ముదురు రంగు చర్మంలో ఈ కణాలు చాలా చురుగ్గా ఉంటాయి, చిన్న గాయానికి కూడా స్పందిస్తాయి. మొటిమ కావచ్చు, దోమకాటు కావచ్చు, గట్టిగా రుద్దిన స్క్రబ్ కావచ్చు, మండిన ఫేస్ ప్యాక్ కావచ్చు, వాపు వచ్చిన ప్రతిచోటా మెలనిన్ ఎక్కువగా తయారై నల్లమచ్చగా మిగిలిపోతుంది. డాక్టర్లు దీన్ని పోస్ట్ ఇన్‌ఫ్లమేటరీ హైపర్‌పిగ్మెంటేషన్ అంటారు. మచ్చ పైపొరలోనే ఉంటే తగ్గడానికి నెలలు పడుతుంది, మెలనిన్ కింది పొరలోకి దిగిపోతే ఏళ్లు కూడా పట్టొచ్చు.

ఇంకో చిక్కు కూడా ఉంది. చర్మం కందిపోతే ఎర్రగా అవుతుందని అందరూ రాస్తారు, కానీ ముదురు రంగు మీద ఆ ఎరుపు సరిగ్గా కనిపించదు, ఊదాగానో, బూడిద రంగులోనో, లేదంటే ఉన్న రంగే ఇంకాస్త ముదిరినట్టో కనిపిస్తుంది. ఎర్రబడలేదు కదా, మన ఒంటికి సరిపడింది అనుకుని రోజూ రాస్తూ పోతాం. అందుకని అద్దంలో ఎరుపు కోసం వెతక్కండి, మంట, దురద, బిగుతు, వేడి, వీటిలో ఏది అనిపించినా ఆపేయండి. "కాస్త చురుక్కుమంటే పనిచేస్తోందని అర్థం" అని ఎవరు చెప్పినా నమ్మొద్దు. ఆ ఒక్క మాట వల్ల ఎన్ని ముఖాలు మచ్చలు పడ్డాయో!

ఈ లెక్కన మొదట పక్కన పెట్టాల్సింది నిమ్మరసం. ఆమ్లాన్ని కొలిచే పీహెచ్ అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ, నిమ్మరసం పీహెచ్ రెండు, రెండున్నర మధ్య ఉంటుంది, మన చర్మం ఐదు దగ్గర ఉంటుంది, అంటే నిమ్మరసం చర్మం కన్నా కొన్ని వందల రెట్లు ఎక్కువ ఆమ్లం. అది సగం సమస్యే. నిమ్మజాతి పండ్లలో ఫ్యూరనోకౌమరిన్లు అనే పదార్థాలుంటాయి, అవి చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలిన గాయంలాంటిది ఏర్పడుతుంది, ఒక్కోసారి బొబ్బలు కూడా వస్తాయి, అవి మానాక ముదురు మచ్చ చాలాకాలం ఉండిపోతుంది. మచ్చ పోవాలని రాసుకున్నదే కొత్త మచ్చ పెడుతుంది. వంటసోడా దీనికి పూర్తిగా ఎదురు, క్షారం ఎక్కువై చర్మం మీది రక్షణ పొరను దెబ్బతీస్తుంది. గట్టి గింజల పొడులు, తొక్కల పొడులతో రుద్దడం కూడా వద్దు, రాపిడి ఒక్కటే చాలు మచ్చ రావడానికి.

ఇప్పుడు బావంచాల గురించి కొంచెం ఎక్కువసేపు చెప్తాను, ఎందుకంటే సహజం అన్న మాట మీద ఎంతవరకు ఆధారపడొచ్చో ఈ ఒక్క గింజ చూపిస్తుంది. బావంచ గింజల్లో సోరలెన్ ఉంటుంది. బొల్లి మచ్చల్లో రంగు తిరిగి తెప్పించడానికి డాక్టర్లు సోరలెన్‌ను అతినీలలోహిత కాంతితో కలిపి వాడిన చరిత్ర ఉంది, అంటే వెలుతురు తగిలితే చర్మాన్ని గట్టిగా కదిలించే పదార్థం అది, మోతాదు తప్పితే కాలుస్తుంది. అదే గింజ నుంచి బకుచియోల్ అనే ఇంకో పదార్థం కూడా తీస్తారు. 2019లో వెలువడిన ఒక పరీక్షలో 44 మంది 12 వారాలపాటు ముఖానికి 0.5 శాతం బకుచియోల్ గాని ముడతల క్రీముల్లో వేసే విటమిన్ ఎ రకం రెటినాల్ 0.5 శాతం గాని వాడారు. ముడతలు, రంగు మచ్చలు రెండింటితోనూ తగ్గాయి, చెప్పుకోదగ్గ తేడా లేదు, కానీ రెటినాల్ వాడినవాళ్లకు పొట్టు లేవడం, చురుక్కుమనడం ఎక్కువగా ఉంది. చిన్న పరీక్షే, అయినా మనలాంటి చర్మానికి మంట తక్కువ అన్నది పెద్ద విషయం. శుద్ధి చేసిన బకుచియోల్ ఉన్న సీరం వాడొచ్చు. బావంచ గింజలు నూరి నూనెలో కాచి ముఖానికి రాసుకోవడం మాత్రం ప్రమాదం. మొక్క ఒకటే, కానీ అందులోంచి ఏ భాగం, ఏ పదార్థం, ఎంత మోతాదు వచ్చిందన్నదే అసలు ప్రశ్న.

మరి ఏవి వాడొచ్చు? నేనైతే ముందు అతిమధురం పేరు చెప్తాను. దాని వేరులోని గ్లాబ్రిడిన్, మెలనిన్ తయారీకి కావాల్సిన టైరోసినేస్ అనే ఎంజైమ్‌ను నెమ్మదింపజేస్తుంది, పైగా వాపును కూడా తగ్గిస్తుంది, రెండు పనులూ మనకు కావాల్సినవే. సరస్వతి ఆకు, లేబుల్ మీద సెంటెల్లా అని ఉంటుంది, కందిన చర్మాన్ని శాంతపరుస్తుంది. ఓట్స్‌ను మెత్తటి పొడి చేసి కలిపిన క్రీములు దురదకు, పొడిబారిన చర్మానికి బాగుంటాయి. కలబంద మంచిదే, కానీ ఆకు కోయగానే కారే పసుపు రసం చర్మానికి పడకపోవచ్చు, అది పూర్తిగా కారిపోయాక లోపలి గుజ్జు మాత్రమే తీసుకోవాలి. పసుపు కొందరికి ఎలర్జీ ఇస్తుంది, మరక కూడా పడుతుంది, ఒంటికి సరిపడినవాళ్లు వాడుకోవచ్చు, నేను మొదటి ఎంపికగా చెప్పను. ఇవన్నీ నెమ్మదిగా పనిచేస్తాయి. చర్మం పైపొర మారడానికే సుమారు నాలుగు వారాలు పడుతుంది కాబట్టి రెండు మూడు నెలల లోపు ఫలితం గురించి టెన్షన్ పడొద్దు.

ఎవరైనా ఒక్క వారంలో రంగు మారుస్తామంటే అక్కడే అనుమానించాలి. ఇది నాకు నిజంగా కోపం తెప్పించే విషయం. హెర్బల్ అని రాసిన తెల్లబరిచే క్రీముల్లో స్టెరాయిడ్లు, రంగు తగ్గించే హైడ్రోక్వినోన్ అనే మందు, పాదరసం దొరికిన సందర్భాలు ఎన్నో దేశాల్లో ఉన్నాయి. స్టెరాయిడ్ మొదట్లో ముఖాన్ని నున్నగా, తేటగా చేస్తుంది, తర్వాత చర్మం పల్చబడి, సన్నటి రక్తనాళాలు బయటపడి, మొటిమలు, అవాంఛిత రోమాలు వస్తాయి, ఆపితే మంట తిరగబెడుతుంది. హైడ్రోక్వినోన్ డాక్టర్ పర్యవేక్షణలో మందు, ఏళ్ల తరబడి ఇష్టమొచ్చినట్టు రాస్తే చర్మం నీలినలుపుగా మారే ఓక్రొనోసిస్ రావొచ్చు, అది పోవడం చాలా కష్టం. పాదరసం కిడ్నీలను దెబ్బతీస్తుంది, రాసుకున్నవాళ్లతో పాటు వాళ్లు ఎత్తుకునే పసిపిల్లలకూ అంటుతుంది. 2013లో చాలా దేశాలు కలిసి పాదరసం మీద చేసుకున్న మినమాటా ఒప్పందం సౌందర్య సాధనాల్లో పాదరసం పది లక్షల్లో ఒక వంతుకు మించకూడదంది, 2023లో ఆ వెసులుబాటు కూడా తీసేశారు. అయినా అమ్ముతూనే ఉన్నారు. లేబుల్ లేని డబ్బా, పదార్థాల జాబితా లేని డబ్బా, "రహస్య ఫార్ములా" అన్న డబ్బా, ఇవేవీ ఇంట్లోకి రానివ్వకండి. ఇప్పటికే నెలల తరబడి అలాంటిది వాడుతుంటే సిగ్గుపడకుండా డబ్బా పట్టుకుని చర్మ డాక్టర్ దగ్గరికి వెళ్లండి, ఎలా ఆపాలో వాళ్లు చెప్తారు.

ఎండ సంగతి. నల్లటి చర్మానికి సన్‌స్క్రీన్ అక్కర్లేదు అనేది సగం నిజం. 1979 నాటి ఒక కొలతలో నల్లజాతి వారి చర్మం పైపొర ఇచ్చే సహజ రక్షణ సగటున 13.4 ఎస్‌పీఎఫ్‌తో (సన్‌స్క్రీన్ ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె అది) సమానమని, తెల్లవారిది 3.4 అని తేలింది. కాలిపోకుండా ఉండటానికి అది సాయపడుతుంది, మచ్చలు ముదరకుండా ఆపడానికి చాలదు. పైగా ముదురు చర్మంలో కంటికి కనిపించే మామూలు వెలుతురు కూడా మెలనిన్‌ను పెంచుతుంది, దాన్ని ఆపేది ఐరన్ ఆక్సైడ్ ఉన్న రంగు సన్‌స్క్రీన్. రాసుకుంటే తెల్లగా పౌడర్ పూసినట్టు కనిపించే ఇబ్బంది కూడా అందులో తక్కువ. క్యారట్ గింజల నూనె, కొబ్బరినూనె సన్‌స్క్రీన్‌లా పనిచేస్తాయని ఎవరన్నా వినొద్దు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. సువాసన కోసం వేసే ఎసెన్షియల్ ఆయిల్స్ ఎలర్జీలకు పెద్ద కారణం, వాసన లేనిదే కొనండి. మొటిమలు వచ్చే ముఖానికి కొబ్బరినూనె వద్దు, కాళ్లకూ చేతులకూ పర్వాలేదు. నీళ్లు కలిపి ఇంట్లో చేసుకున్న దేంట్లోనూ పాడవకుండా ఉంచే ప్రిజర్వేటివ్ ఉండదు కాబట్టి సూక్ష్మజీవులు పెరుగుతాయి, అప్పటికప్పుడు చేసి మిగిలింది పారేయండి. కొత్తది ఏదైనా ముంజేతి లోపలివైపు చిన్నచోట రోజుకు రెండుసార్లు, వారం పది రోజులు రాసి చూశాకే ముఖానికి పెట్టండి. ఒకేసారి రెండు కొత్తవి మొదలుపెడితే ఏది పడలేదో తెలియదు.

ఇప్పుడు మీరు తెచ్చుకున్న సీసాలు, డబ్బాలు బయటకు తీయండి. పదార్థాల జాబితాలో ఎక్కువ మోతాదులో ఉన్నది ముందు రాస్తారు, ఒక శాతం కన్నా తక్కువ ఉన్నవి ఆ తర్వాత ఏ వరుసలోనైనా రావొచ్చు. అతిమధురం బొమ్మ పెద్దగా వేసిన డబ్బాలో గ్లిసిరైజా గ్లాబ్రా అన్న దాని శాస్త్రీయ నామం ఎక్కడుందో, పర్ఫ్యూమ్ కన్నా ముందా వెనకా, ఒక్కొక్కటీ కలిసి చదువుదాం. ముందు వరుసలో ఉన్నవాళ్లతో మొదలుపెడదాం.